దరువు ఆగినా ఆగని పిల్లలు – నా అనుభవం

బొబ్బిలి దగ్గర మా అంగన్‌వాడీలో ‘పరుగు–ఆగు’ ఆట (ఫోన్‌లో పాట వస్తుంటే పరుగు, పాట ఆగితే ఆగాలి) పెడితే, పాట ఆగినా పిల్లలు ఆగేవారు కాదు. గుద్దుకోవడాలు, ఏడుపులు. విజిల్, కేకలు, ఆగనివాళ్ళని అవుట్ చేయడం, ఏవీ పనిచేయలేదు. అసలు ఆగడం నేర్వాల్సినవాళ్ళనే గోడ పక్కన కూర్చోబెడితే ఏం లాభం?

పనిచేసింది ఇది. ఫోన్ పక్కన పెట్టి, ఖాళీ నూనె డబ్బా మీద, మా వైపు జానపద నృత్యం తప్పెటగుళ్ళలోలా దరువు వేశాను. ముందు పరుగు లేదు, నిలబడినచోటే అడుగులు. ‘ఆగండి’ అనకుండా, ‘దరువు ఆగితే చేతులు మోకాళ్ళ మీద’ అని చెప్పి, చేసి చూపించాను. ఈ వయసులో కదలికని ఆపుకోవడం కష్టం, బదులుగా ఇంకో పని ఇస్తే తేలిక. అది కుదిరాక నడక, ఆ తర్వాతే పరుగు. పరుగులో మాత్రం ఆపేముందు దరువు కాస్త నెమ్మదించాలి, లేకపోతే ఒంటికి బ్రేక్ పడదు. అలవాటయ్యాక ఉన్నట్టుండి ఆపాను. అందరూ వంగి, మోకాళ్ళు పట్టుకుని, నవ్వు ఆపుకోలేక ఊగుతున్నారు!

నాలుగైదేళ్ళవాళ్ళకి బాగా కుదిరింది. మూడేళ్ళవాళ్ళు ఇప్పటికీ పక్కవాళ్ళని చూసే ఆగుతున్నారు. మాది చిన్న గుంపు, పెద్ద క్లాసులో ఎలా ఉంటుందో చెప్పలేను. ఒకడు మాత్రం కావాలనే పడతాడు, వాడిని వదిలేశాను.