ఘాట్ ఎక్కే కారవాన్‌కి మైలేజీ రావాలంటే

ఒడిశా కొండల్లోని కోరాపుట్, సునాబెడ, సెమిలిగూడ వైపు డీజిల్ వ్యాన్‌ని కారవాన్‌గా కట్టించుకున్నవాళ్లు మైలేజీ అనగానే ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చే చిప్ గురించో, ఖరీదైన ఎయిర్ ఫిల్టర్ గురించో అడుగుతారు. అక్కడ మొదలుపెట్టకండి. బ్రేకు వదలక చక్రం ఎక్కడ పట్టేస్తోంది, ఇంజన్ ఎందుకు వేడెక్కడం లేదు అన్నవి ముందు తేల్చుకోండి. డబ్బు పెట్టి బిగించేవి ఆ తర్వాత.

ఘాట్ కింద ఉన్న సాలూరుకీ పైన ఉన్న కోరాపుట్‌కీ ఎత్తులో సుమారు 750 మీటర్ల తేడా ఉంది. 3,500 కిలోల బండిని అంత ఎత్తుకి లేపడానికే దాదాపు 2 లీటర్ల డీజిల్ పోతుంది. అందుకే ఒకవైపు ప్రయాణంతో మైలేజీ లెక్క కట్టకూడదు. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర ట్యాంకు నింపించి, నాజిల్ మొదటిసారి కట్ అవగానే ఆపించండి. ఘాట్ దిగి మళ్లీ ఎక్కి వచ్చాక అక్కడే అదే విధంగా నింపించి, పట్టిన లీటర్లతో కిలోమీటర్లను భాగించండి. కంపెనీ సైజు కంటే పెద్ద టైర్లు వేయించి ఉంటే ఓడోమీటర్ తక్కువ చూపిస్తుంది కాబట్టి ఫోన్ జీపీఎస్‌తో ఒకసారి సరిచూసుకోండి.

తర్వాత వేబ్రిడ్జి. నీళ్లు, గ్యాస్, సామాన్లతో సహా ముందు చక్రాలు మాత్రమే కాటా మీద పెట్టి ఒకసారి, బండి మొత్తం పెట్టి ఒకసారి తూకం వేయించండి. తేడా వెనక యాక్సిల్ బరువు. టైర్ గాలి ఆ బరువుకి తగ్గట్టు, పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. 200 లీటర్ల నీళ్లంటే 200 కిలోలు. కొండ మీద నీళ్లు దొరుకుతున్నప్పుడు కింద నుంచి ట్యాంకు నిండా మోసుకెళ్లడం దండగ.

ఇక బ్రేకులు. ఇక్కడి ఎర్రమట్టికి వానాకాలం తోడైతే క్యాలిపర్ (బ్రేక్ ప్యాడ్లను డిస్కుకి నొక్కే భాగం) స్లైడ్ పిన్నులు, హ్యాండ్‌బ్రేక్ కేబుళ్లు బిగుసుకుపోతాయి. ఘాట్ దిగిన వెంటనే పరీక్షించకండి, అప్పుడు అన్ని డ్రమ్ములూ కాలిపోతూనే ఉంటాయి. సునాబెడ, సెమిలిగూడల మధ్య లాంటి చదును రోడ్డు మీద 10 కిలోమీటర్లు బ్రేకు పెద్దగా వాడకుండా నడిపి ఆపండి. ప్రతి చక్రం దగ్గరా చెయ్యి ఆనించకుండా దగ్గరగా పెట్టి చూడండి. ఒకటి మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే అదే పట్టేస్తోంది. మిగతా చక్రాలకు అడ్డాలు పెట్టి, ఆ చక్రాన్ని జాకీ మీద లేపి, స్టాండు వేసి, చేత్తో తిప్పండి. బిగుసుగా ఉంటే బ్రేకు లైనులో గాలి తీయడానికి ఉండే బ్లీడ్ నిపుల్ కొంచెం వదులు చేయండి. బ్రేకు నూనె చిమ్మి చక్రం వదిలేసిందంటే తప్పు బ్రేక్ హోస్‌లోనో మాస్టర్ సిలిండర్‌లోనో ఉంది: పైకి బాగున్న హోస్ లోపల ఉబ్బి, నూనెను వెనక్కి రానివ్వదు. అయినా వదలకపోతే పిస్టన్, పిన్ను, కేబుళ్లలో చూడాలి. పిన్నులకు బ్రేకుల కోసం వచ్చే గ్రీజే రాయండి. మామూలు గ్రీజు రబ్బరు బూట్లను ఉబ్బించి మళ్లీ మొదటికే తెస్తుంది. నిపుల్ తెరిచారు కాబట్టి గాలి పూర్తిగా తీయించి, పెడల్ గట్టిగా ఉందని చూసుకున్నాకే రోడ్డెక్కండి.

ఘాట్‌లో వేడెక్కుతోందని థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కి వెళ్లనివ్వని కవాటం) పీకేయడం మన షెడ్లలో పాత అలవాటు. దీన్ని గట్టిగా వద్దని చెప్పాలి. థర్మోస్టాట్ లేకపోతే నీళ్లు ఎప్పుడూ రేడియేటర్ గుండానే తిరుగుతాయి, కోరాపుట్ చలిలో ఇంజన్ సరైన వేడికి రాదు. ఆయిల్ చిక్కగానే ఉంటుంది, కామన్ రైల్ (కంప్యూటర్ అదుపులో డీజిల్ చిమ్మే) బండయితే ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని ఈసీయూ, అంటే ఆ కంప్యూటర్, డీజిల్ ఎక్కువ పోస్తుంది. కొత్తది వేసేముందు గిన్నెలో నీళ్లు పోసి, థర్మామీటర్‌తో పాటు వేలాడదీసి వేడి చేయండి. దాని మీద ముద్రించిన డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలై, ఇంకో 10–15 డిగ్రీలకు పూర్తిగా తెరుచుకోవాలి. మంచి థర్మోస్టాట్ వేసినా బండి వేడెక్కితే రేడియేటర్ లోపలి పాచినీ, రెక్కల మధ్య ఇరుక్కున్న దుమ్మునూ కడిగించండి.

విస్కస్ ఫ్యాన్ (వేడిని బట్టి పట్టే క్లచ్‌తో తిరిగే రేడియేటర్ ఫ్యాన్) ఉన్న బండిలో, ఇంజన్ ఆపి చల్లారాక ఫ్యాన్‌ని చేత్తో తిప్పండి. కొద్దిగా అడ్డుకుంటూ తిరగాలి. అస్సలు కదలకపోతే క్లచ్ జామ్ అయి, ఫ్యాన్ ఎప్పుడూ ఇంజన్ వేగంతో తిరుగుతూ పవర్ తింటోంది. ఫ్యాన్ వేగం రెట్టింపైతే అది తినే పవర్ 8 రెట్లవుతుంది. అలాగని తీసి పారేస్తే మొదటి ఘాట్‌లోనే హెడ్ గ్యాస్కెట్ పోతుంది.

నల్లపొగ వస్తుంటే ఇంజన్‌లోకి గాలి ఎక్కించే టర్బో నుంచి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి వెళ్లే హోసులు, క్లాంపుల దగ్గర నూనె తడి కోసం వెతకండి. సబ్బునీళ్లు పూసి, తక్కువ గాలి పట్టిస్తే బుడగలు కారే చోటు చూపిస్తాయి. పాత మెకానికల్ పంపు బండిలో పికప్ కోసం డీజిల్ పెంచే ఫుల్ లోడ్ స్క్రూ తిప్పేసి ఉంటారు, ఆ పొగంతా మీరు కొన్న డీజిలే. పంపు, నాజిళ్లు టెస్ట్ బెంచ్ మీద పెట్టించి కంపెనీ ప్రెషర్‌కి సెట్ చేయించండి.

ఇవన్నీ అయ్యాకే క్రౌన్ పినియన్ (వెనక యాక్సిల్‌లో చక్రాలను తిప్పే గేర్ల జత) మార్చే మాట. 215/75 ఆర్15 టైరుతో, టాప్ గేర్ 1:1 అనుకుంటే, గంటకు 60 కిలోమీటర్ల వేగంలో 4.88 రేషియోకి ఇంజన్ సుమారు 2,200 ఆర్‌పీఎం తిరుగుతుంది, 4.1కి 1,850. వైజాగ్, బరంపురం హైవే మీదే ఎక్కువ తిరిగేవాళ్లకు 4.88 నుంచి 4.1కి మారడం లాభం. వారం వారం సాలూరు, కోరాపుట్‌ల మధ్య పొట్టంగి ఘాట్ ఎక్కేవాళ్లకు మాత్రం వద్దనే మా సలహా: గేరు ఊరికే తగ్గించాలి, ఏటవాలులో ఎత్తుకునేటప్పుడు క్లచ్ కాలుతుంది. మార్చితే జతగానే మార్చాలి, బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య ఉండే కొద్దిపాటి ఖాళీ) డయల్ గేజ్‌తో చూడాలి. స్పీడోమీటర్ సెన్సార్ గేర్‌బాక్స్ మీద ఉంటే కిలోమీటర్లు 16 శాతం తక్కువ పడతాయి, అదీ సరిచేయించాలి.

బీఎస్6 బండిలో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) తీసేయడం, ఈజీఆర్ (కొంత పొగను మళ్లీ ఇంజన్‌లోకి పంపే కవాటం) మూసేయడం జోలికి పోకండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. దిగేటప్పుడు న్యూట్రల్ కూడా వద్దు. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే కామన్ రైల్ ఇంజన్‌కి డీజిల్ పూర్తిగా ఆగిపోతుంది, న్యూట్రల్‌లో ఐడ్లింగ్‌కి కాలుతూనే ఉంటుంది, బ్రేకుల మీద భారమంతా పడుతుంది.