అన్‌లిమిటెడ్ ప్యాక్ ఉన్నా బ్యాలెన్స్ ఎందుకు కట్ అవుతోంది?

జగిత్యాలలో నాకు చిన్న మొబైల్ షాపు ఉంది. రీచార్జ్‌లు, సిమ్‌లు, చిన్నచిన్న రిపేర్లు. నెలలో నాలుగైదు సార్లయినా ఎవరో ఒకరు వచ్చి ఇదే మాట అంటారు: "అన్నా, అన్‌లిమిటెడ్ ఏసుకున్న కదా, మల్ల పైసలెందుకు కట్ అయినయ్?" వాళ్లలో చాలామంది పెద్దవాళ్లు. దుబాయ్ నుంచో మస్కట్ నుంచో కొడుకు వేసిన డబ్బులు రెండు రోజుల్లో మాయమైతే వాళ్లకు ఒకటే టెన్షన్. పైగా తామే ఏదో నొక్కకూడనిది నొక్కామేమో అన్న బెరుకు. తప్పు వాళ్లది కాదు. ప్యాక్ మీద పెద్ద అక్షరాల్లో కనిపించే మాట ఒకటి, అడుగున చిన్న అక్షరాల్లో ఉండే షరతు ఇంకొకటి.

ఫోనుకు రెండు జేబులు ఉన్నాయనుకోండి. ఒకటి ప్యాక్, రెండోది మెయిన్ బ్యాలెన్స్. అన్‌లిమిటెడ్ అంటే, ఆ ప్యాక్ వేసిన సిమ్ నుంచి మన దేశంలోని మామూలు మొబైల్, ల్యాండ్‌లైన్ నంబర్లకు చేసే కాల్స్. అంతవరకే. అది దాటిన ప్రతిదానికీ డబ్బు రెండో జేబులోంచి పోతుంది. ఆ జేబు ఖాళీగా ఉంటే కాల్ అసలు వెళ్లదు. డబ్బులుంటే చప్పుడు లేకుండా కట్ అవుతుంది. పోస్ట్‌పెయిడ్‌లో ఈ అడ్డు కూడా ఉండదు. బిల్లు వచ్చాకే తెలుస్తుంది.

అందుకే ఎవరు వచ్చినా ముందు రెండే ప్రశ్నలు అడుగుతాను: ఎప్పుడు కట్ అయింది, ఎంత కట్ అయింది? కంపెనీ యాప్‌లో వాడకం వివరాలు చూస్తే ఈ రెండూ దొరుకుతాయి. బటన్ ఫోన్ అయితే కాల్ అయ్యాక స్క్రీన్ మీద వచ్చే మెసేజ్ చూడాలి. అంకెను బట్టే సగం తెలిసిపోతుంది. రూపాయి, రూపాయిన్నర పోతే అది దాదాపుగా ఎస్సెమ్మెస్. రోజుకోసారో వారానికోసారో ఒకే మొత్తం పోతుంటే ఏదో సర్వీసు యాక్టివేట్ అయి ఉంటుంది. మాట్లాడిన నిమిషాలను బట్టి పెరుగుతుంటే ప్యాక్‌లోకి రాని కాల్. ఒక్కసారే పెద్ద మొత్తం పోతే విదేశీ కాలో రోమింగో.

"వంద ఏస్తే ఎనభై ఒకటే పడ్డది"

ఇది ఎవరో దోచుకున్నది కాదు. మెయిన్ బ్యాలెన్స్ కోసం వేసే 100 రూపాయల టాపప్‌లో 18 శాతం జీఎస్టీ కింద 15 రూపాయల 25 పైసలు, ప్రాసెసింగ్ ఫీజు కింద 3 రూపాయలు పోతాయి. చేతికి వచ్చేది 81.75. పది రూపాయల టాపప్‌కైతే 7.47. దీనికి పరిష్కారం లేదు. అవసరం లేకుండా టాపప్ వేయకపోవడం ఒక్కటే మార్గం.

బ్యాంకు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాక డబ్బులు పోయాయి

నంబరు మొదట్లో ఏముందో చూడండి. 1800తో మొదలైతే కాల్ ఖర్చు అవతలి కంపెనీ పెట్టుకుంటుంది. 1860తో మొదలైతే మనమే పెట్టుకోవాలి, అది అన్‌లిమిటెడ్ లెక్కలోకి రాదు. రెండూ ఒకేలా కనిపించడంతో చాలామంది 1860 కూడా ఉచితమే అనుకుంటారు. క్రెడిట్ కార్డు సమస్య చెప్పుకుందామని ఫోన్ చేస్తే ఇరవై నిమిషాలు పాట వినిపించి, తర్వాత లైన్‌లోకి వస్తారు. ఆ పాటకు కూడా మీటరు తిరుగుతూనే ఉంటుంది.

కార్డు వెనక, బ్యాంకు సైట్‌లో 1800 నంబరు ఉందేమో వెతకండి. అది లేకపోతే 040, 022 లాంటి ఎస్టీడీ కోడ్‌తో ఉండే ల్యాండ్‌లైన్ నంబరు చూడండి. ల్యాండ్‌లైన్ కాల్స్ అన్‌లిమిటెడ్‌లో ఉంటాయి కాబట్టి ఎంతసేపు హోల్డ్‌లో పెట్టినా భయం లేదు. ఈ ఒక్క చిట్కాతో మా షాపుకొచ్చే వాళ్లకు చాలా డబ్బు మిగిలింది. నంబరు కోసం గూగుల్‌లో వెతికి మొదట కనిపించిన దానికి ఫోన్ చేయడం మాత్రం వద్దు. కస్టమర్ కేర్ పేరుతో మోసగాళ్లు పెట్టే దొంగ నంబర్లు అక్కడే ఉంటాయి.

టీవీ షోల ఓటింగు, జాతకాలు, పోటీల కోసం ఇచ్చే ఐదంకెల నంబర్లు కూడా ఇలాంటివే. మామూలు కాల్ కన్నా, మామూలు మెసేజ్ కన్నా వాటికి రేటు ఎక్కువ.

మామూలు నంబరుకే చేశాను, అయినా కట్ అయింది

రెండు సిమ్‌ల ఫోన్ అయితే కాల్ లిస్టు తెరిచి ఆ కాల్ ఏ సిమ్ నుంచి వెళ్లిందో చూడండి. పేరు కింద 1 అనో 2 అనో ఉంటుంది. ప్యాక్ ఒక సిమ్‌లో ఉంటే కాల్ ఇంకో సిమ్ నుంచి వెళ్లి ఉంటుంది. సెట్టింగ్స్‌లో కాల్స్‌కు ప్యాక్ ఉన్న సిమ్‌ను ఖాయం చేస్తే సరి. ఫోన్ అప్‌డేట్ అయినప్పుడు, సిమ్ తీసి పెట్టినప్పుడు మళ్లీ ఒకసారి చూసుకోవాలి.

వేరే నెట్‌వర్క్‌కు చేస్తే కట్ అవుతుందా అని ఇప్పటికీ అడుగుతారు. 2019 అక్టోబరులో జియో వేరే నెట్‌వర్క్ కాల్స్‌కు నిమిషానికి 6 పైసలు తీసుకోవడం మొదలుపెట్టింది, ఆ జ్ఞాపకం అలా ఉండిపోయింది. కంపెనీలు ఒకదానికొకటి కట్టుకునే ఆ ఛార్జీ 2021 జనవరి 1 నుంచి రద్దయింది. ఇప్పుడు నెట్‌వర్క్ తేడా లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా టెలికాం లెక్కలో ఇంకా ఒకే సర్కిల్, కాబట్టి విజయవాడకు చేసినా లోకలే.

రోజంతా వందల కాల్స్ చేసే వాళ్ల సంగతి వేరు. చాలా ప్లాన్ల షరతుల్లో సొంత వాడకానికి మాత్రమే, వ్యాపారానికి కాదు అని ఉంటుంది. పెళ్లి సంబంధాలు చూసేవాళ్లు, చిట్టీల ఏజెంట్లు దీన్ని ఒకసారి చదువుకోవాలి.

ఎస్సెమ్మెస్ పంపలేదు, అయినా రూపాయిన్నర పోయింది

మీరు పంపలేదు, ఫోన్ పంపింది. కొత్త ఫోన్‌లో యూపీఐ యాప్ పెట్టుకున్నప్పుడు నంబరు మీదేనా అని నిర్ధారించుకోవడానికి యాప్ మీ సిమ్ నుంచి బ్యాంకుకు ఒక మెసేజ్ పంపుతుంది. ప్యాక్‌లో ఎస్సెమ్మెస్‌లు లేకపోతే దానికి మెయిన్ బ్యాలెన్స్‌లో డబ్బు పోతుంది. బ్యాలెన్స్ కూడా లేకపోతే వెరిఫికేషన్ ఫెయిల్ అవుతుంది. కొందరు యాప్ పాడైందనుకుని తీసేసి మళ్లీ వేస్తారు, మళ్లీ అదే కథ. ఒక్క పది రూపాయల టాపప్ వేస్తే అయిపోతుంది.

ఐఫోన్‌లో ఐమెసేజ్, ఫేస్‌టైమ్ ఆన్ చేసినప్పుడు కంటికి కనిపించని ఒక అంతర్జాతీయ మెసేజ్ వెళుతుంది. దానికి కంపెనీ కొన్ని రూపాయలు తీసుకోవచ్చు. అవి వాడకపోతే ఆఫ్ చేసి ఉంచండి. సిమ్ మార్చినప్పుడల్లా అది మళ్లీ వెళ్లే అవకాశం ఉంది.

రోజుకు 100 మెసేజ్‌ల పరిమితి కూడా ఒకటుంది. పెళ్లి పిలుపులు ఎస్సెమ్మెస్‌లో పంపేవాళ్లకే ఆ ఇబ్బంది.

నంబరు వేరే కంపెనీకి మార్చుకోవడానికి 1900కు పంపే మెసేజ్ మాత్రం ప్యాక్‌లో ఎస్సెమ్మెస్‌లు లేకపోయినా వెళ్లాలి. టెలికాం కంపెనీలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ట్రాయ్ 2021 డిసెంబరులో అలా ఆదేశించింది. వెళ్లడం లేదంటే కంపెనీని గట్టిగా అడగండి.

వారం వారం అంతే మొత్తం కట్ అవుతోంది

నాకు అన్నింటికన్నా బాధ కలిగించేది ఇదే. మా అమ్మ ఫోన్‌లోనే జరిగింది. బటన్ ఫోన్. నేను టాపప్ వేయడం, అది కరిగిపోవడం, మూడు నెలలు నేనే కనిపెట్టలేకపోయాను. చివరకు చూస్తే ఒక కాలర్ ట్యూన్, ఒక భక్తి పాటల సర్వీసు నడుస్తున్నాయి. ఆమెకు ఆ పాటలు ఎక్కడ వినాలో కూడా తెలియదు. స్క్రీన్ మీద ఏదో మెసేజ్ వచ్చి ఎంతకీ పోకపోతే ఓకే నొక్కానంది. ఆ మెసేజ్‌ను పోగొట్టడానికి నొక్కింది, అదే ఒప్పుకున్నట్టయింది.

ఇలాంటి సర్వీసుకు వినియోగదారుడు రెండుసార్లు ఒప్పుకుంటేనే మొదలుపెట్టాలని ట్రాయ్ 2013 జులైలో ఆదేశం ఇచ్చింది. ఒక్క ఓకే చాలదు. కాబట్టి రెండోసారి ఎప్పుడు ఒప్పుకున్నామో చూపించమని అడిగే హక్కు మనకుంది.

ఆపడానికి అన్ని కంపెనీలకూ ఒకటే నంబరు: 155223. ఉచితం. ఫోన్ చేసి నడుస్తున్న సర్వీసులు విని ఆపేయవచ్చు, లేదా స్టాప్ అని ఇంగ్లీషు అక్షరాల్లో మెసేజ్ పంపవచ్చు. తర్వాత కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, నేను అడగని సర్వీసుకు డబ్బు కట్ చేశారు, తిరిగి వేయండి అని చెప్పండి. ఒకటి రెండు రోజుల్లో అడిగిన వాళ్లకు తిరిగి పడటం నేను చాలాసార్లు చూశాను. మూడు నెలల తర్వాత అడిగిన నాకు సగమే వచ్చింది.

పెద్దవాళ్ల ఫోన్‌లో ఇంకో పని చేయండి. సిమ్ కంపెనీ సర్వీసులు కనిపించే సిమ్ టూల్‌కిట్ మెనూలోకి వెళ్లి, అలా పైకి వచ్చే మెసేజ్‌లను ఆఫ్ చేసే వీలుంటే చేసేయండి. ఎవరి కాలర్ ట్యూన్ అయినా వింటూ స్టార్ నొక్కవద్దని చెప్పండి. నొక్కితే అదే పాట మన నంబరుకు వచ్చే ఏర్పాటు ఉంటుంది.

మా అమ్మ సిమ్‌లో ఇప్పుడు మెయిన్ బ్యాలెన్స్ సున్నా. ప్యాక్ మాత్రమే. యూపీఐ వాడని వాళ్లకు ఇదే మంచిదని నా అభిప్రాయం.

గల్ఫ్, అమెరికా: ఒక్కసారే పెద్ద మొత్తం

మా దగ్గర ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు. యూఏఈలో వాట్సాప్ కాల్స్ పనిచేయవు, అందుకని అక్కడివాళ్లు వేరే యాప్‌లు వాడతారు. ఇక్కడ భార్యకో తల్లికో ఆ యాప్ తెరవడం రాక కాంటాక్ట్‌లో పేరు నొక్కేస్తారు. +971తో నేరుగా అంతర్జాతీయ కాల్ వెళుతుంది. అన్‌లిమిటెడ్‌లో విదేశీ కాల్స్ ఉండవు. గల్ఫ్‌లో ఉన్న మనిషి పేరును ఫోన్ కాంటాక్ట్స్‌లో "దుబాయ్ యాప్ కాల్" అని మార్చి పెట్టడం నేను నేర్పిన ఉపాయం. కస్టమర్ కేర్‌కు చెప్పి ఐఎస్‌డీ, అంటే విదేశాలకు కాల్ చేసే సౌకర్యాన్నే ఆపించడం ఇంకా గట్టి పరిష్కారం.

తెలియని విదేశీ నంబరు నుంచి ఒక్క రింగు మిస్డ్ కాల్ వస్తే తిరిగి చేయకండి. మనవాళ్లే అనుకుని చేస్తే మీటరు పరుగెడుతుంది. ఆ రింగు అందుకే ఇస్తారు.

అక్కడికి వెళ్లినవాళ్లు బ్యాంకు ఓటీపీల కోసం ఇండియా సిమ్‌ను రోమింగ్‌లో ఉంచుకుంటారు. మెసేజ్ అందుకోవడానికి మామూలుగా డబ్బు పోదు, కానీ ఫోన్ ఎత్తితే ఇన్‌కమింగ్‌కు కూడా ఛార్జీ. డేటా రోమింగ్ ఆఫ్ చేయాలి. కాల్ ఫార్వర్డింగ్ కూడా తీసేసి వెళ్లాలి. ఎందుకంటే మీరు ఎత్తని కాల్ అక్కడిదాకా వెళ్లి మళ్లీ ఇండియాకు ఫార్వర్డ్ అయితే రెండు ముక్కలకూ మీరే కట్టాల్సి రావచ్చు. ##002# డయల్ చేస్తే చాలా నెట్‌వర్క్‌లలో ఫార్వర్డింగ్‌లన్నీ పోతాయి. పోకపోతే కస్టమర్ కేర్‌కు చెప్పి తీయించండి.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలకు ఇంకో జాగ్రత్త. కొన్ని విమానాల్లో విమానానికే సొంత మొబైల్ నెట్‌వర్క్ ఉంటుంది. ఫ్లైట్ మోడ్ పెట్టకుండా నిద్రపోతే, రోమింగ్ ఆన్‌లో ఉన్న పోస్ట్‌పెయిడ్ ఫోన్ దానికి తగులుకుంటుంది. ఆ రేట్లు నేల మీది రోమింగ్ కన్నా చాలా ఎక్కువ. ఎక్కించేటప్పుడే ఫ్లైట్ మోడ్ పెట్టి పంపండి.

నెట్ వాడితే బ్యాలెన్స్ పోతోంది. నెల తిరగకముందే ప్యాక్ అయిపోతోంది

మొదటిదానికి, స్టాప్ అని 1925కు మెసేజ్ పంపితే డేటా ఆగిపోతుంది. స్టార్ట్ అని పంపితే మళ్లీ వస్తుంది. బటన్ ఫోన్ల వాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. రెండోది 28 రోజుల లెక్క. ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు రీచార్జ్‌లు. 30 రోజుల ప్లాను ఒకటి, నెల నెలా ఒకే తేదీకి వచ్చే ప్లాను ఒకటి ప్రతి కంపెనీ ఉంచాలని 2022 జనవరిలో ట్రాయ్ ఉత్తర్వు ఇచ్చింది. యాప్‌లో కొంచెం కిందికి వెళ్లి వెతకాలి.

కారణం దొరకలేదు, లేదా కంపెనీ వినడం లేదు

ప్రీపెయిడ్ అయినా సరే, గత ఆరు నెలల్లో ఏ కాలానికైనా కాల్స్ వివరాల బిల్లు అడగవచ్చు. దానికి 50 రూపాయలకు మించి తీసుకోకూడదు. అది చేతిలో ఉంటే వాదన అక్కర్లేదు, లైను చూపిస్తే చాలు.

ఫిర్యాదుకు 198 ఉచిత నంబరు. తేదీ, సమయం, కట్ అయిన మొత్తం చెప్పి, వాళ్లిచ్చే డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు రాసుకోండి. నంబరు ఇవ్వకుండా ఫోన్ పెట్టేస్తే ఫిర్యాదు నమోదు కానట్టే, మళ్లీ చేయండి. తేల్చకపోతే ఆ కంపెనీలోనే ఉండే అప్పీల్ అథారిటీకి 30 రోజుల్లోగా రాయాలి, దానికి ఫీజు లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలుగులో కూడా చెప్పుకోవచ్చు.

అక్కడా కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. టెలికాం గొడవలు అక్కడికి రావని కంపెనీలు వాదించేవి. వస్తాయని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. ఐదు లక్షల రూపాయల లోపు విషయానికి అక్కడ ఫీజు కూడా ఉండదు.