పక్షవాతం తర్వాత చేతికి ఇంట్లో వీఆర్ సాధన చేయించడం

ఒడిశాలోని పర్లాకిమిడిలోనూ, సరిహద్దు అవతల ఆంధ్రాలోని పాతపట్నంలోనూ ఇళ్లకు వెళ్లి ఫిజియోథెరపీ చేయిస్తుంటాను. ఈమధ్య దూరాన ఉద్యోగాలు చేసే పిల్లలు వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్ కొని పంపి, "మేడమ్, నాన్నకి దీంతో చేయించండి" అంటున్నారు. కళ్లకి తగిలించుకుంటే ఆట చుట్టూ నిజంగా జరుగుతున్నట్టు చూపే పరికరం ఇది; అందులో కనబడే బంతిని చెయ్యి చాపి అందుకోవాలి. చేయించొచ్చు. కాకపోతే 2017లో కాక్రేన్ అనే వైద్య పరిశోధనల సమీక్షా సంస్థ వాళ్లు 72 పరిశోధనలను కలిపి చూసినప్పుడు, మామూలు వ్యాయామం మాన్పించి వీఆర్ పెడితే చేతికి అదనంగా ఒరిగిందేమీ కనబడలేదు. వ్యాయామానికి తోడుగా పెడితే మేలు కనబడింది. అంచేత పొద్దుటి వ్యాయామం పొద్దున్నే చేయించండి. దీన్ని సాయంత్రానికి పెట్టుకోండి. మూర్ఛ వచ్చిన మనిషికైతే డాక్టర్ని అడగకుండా హెడ్‌సెట్ తగిలించొద్దు.

చేతులున్న గట్టి కుర్చీని గోడకి ఆనించి వేయండి. పాదాలు రెండూ నేలకి ఆనాలి. నిలబెట్టి ఆడించొద్దు. గదిలో వెలుతురు బాగుండాలి, లేకపోతే హెడ్‌సెట్ కెమెరాలు చేతిని గుర్తుపట్టవు. ఆయన చూస్తున్నది మీ ఫోన్లోనూ కనబడేలా పెట్టుకుని, బలం తగ్గిన చేతి వైపు మీరు కూర్చోండి.

అసలు జాగ్రత్త ఇక్కడుంది. చెయ్యి చాపమంటే చాలామంది నడుం ముందుకి వంచేస్తారు, భుజాన్ని చెవిదాకా లేపేస్తారు. ఆటకి ఆ తేడా తెలీదు, చెయ్యి బంతిని తాకితే పాయింటు ఇచ్చేస్తుంది. అందుకే స్కోరు చూడకండి, భుజం చూడండి. వీపు కుర్చీని వదులుతుంటే బంతిని దగ్గరగా వచ్చేలా మార్చండి. మోచేతి కింద మీ అరచెయ్యి పెట్టి బరువు మోయండి. చెయ్యి పట్టుకుని మాత్రం లాగొద్దు. కండరాలు వదులైన జబ్బ కీలు జారిపోతుంది, ఆ నొప్పి నెలల తరబడి వేధిస్తుంది.

పిడికిలి బిగుసుకుంటే వేళ్లని బలవంతంగా విప్పకండి. మణికట్టుని కాస్త కిందికి వంచి, బొటనవేలిని మెల్లగా బయటికి తీస్తే మిగతావి వదులవుతాయి. టెన్షన్ పడితే బిగుతు ఇంకా పెరుగుతుంది. నా దగ్గర చేయించుకునే ఒక రిటైర్డ్ టీచరమ్మగారు తెలుగు, ఒడియా రెండూ చక్కగా మాట్లాడతారు, కానీ ఆటలో ఇంగ్లీషు గొంతు వినగానే చెయ్యి ముడుచుకుపోయేది. సౌండ్ తీసేసి పక్కనుంచి "అమ్మా, ఇప్పుడు వదలండి" అని చెప్పడం మొదలుపెట్టాక వేళ్లు తెరుచుకున్నాయి. మీరూ అలాగే చెప్పండి. ఏం చేయాలో ముందే ఒకసారి హెడ్‌సెట్ లేకుండా గ్లాసుతో చేసి చూపించండి.

మొదట్లో ఐదు నిమిషాలు చాలు. అలవాటయ్యాక పదిహేను, ఇరవైకి పెంచొచ్చు. వికారం, తల తిరుగుడు, జబ్బలో నొప్పి, ఏది వచ్చినా వెంటనే ఆపేయండి.

హెడ్‌సెట్ తీయగానే టీవీ పెట్టొద్దు. ఆ చేత్తోనే గ్లాసు అందుకోవడం, చింతపిక్కలు ఏరి గిన్నెలో వేయడం, చొక్కా గుండీ పెట్టుకోవడం చేయించండి. గాలిలో బంతి పట్టిన చేతికి నిజమైన వస్తువు బరువు, గరుకు తగలాలి.

హెడ్‌సెట్ కొనలేని ఇళ్లవాళ్లు దయచేసి అప్పు చేయకండి. 2016లో లాన్సెట్ న్యూరాలజీ అనే వైద్య పత్రికలో వచ్చిన పరిశోధనలో 141 మంది రోగుల్లో కొందరు వీడియో గేమ్‌లు ఆడారు, మిగిలినవాళ్లు పేకముక్కలు, డొమినోలు లాంటివి ఆడారు. చేతి కదలిక రెండు గుంపులవాళ్లకీ ఒకేలా మెరుగుపడింది. ఇంట్లో పేకో, అష్టాచెమ్మా గవ్వలో ఉంటే ఈ సాయంత్రమే మొదలుపెట్టండి. వీపు, భుజం విషయంలో ఇదే జాగ్రత్త వాటికీ వర్తిస్తుంది.