దమ్ము చక్రాలు మార్చేటప్పుడు ట్రాక్టరు జాకీ మీద నిలవకపోతే

సార్వా (ఖరీఫ్ వరి) నాట్లకు ముందు టైర్లు విప్పి, పొలాన్ని బురదగా కలియదున్నే ఇనుప దమ్ము చక్రాలు బిగించడం, దమ్ము అయ్యాక మళ్లీ టైర్లు ఎక్కించడం డెల్టాలో ఏటా ఉండే పనే కాబట్టి, జాకీ ఎక్కడ పెట్టాలో ఇక్కడ చెప్పబోవడం లేదు.

జాకీ కొడుతున్నా ఇరుసు లేవక జాకీయే నేలలోకి దిగుతున్నదా? ఒండ్రు నేల పైన పెచ్చు కట్టి గట్టిగా కనిపించినా జానెడు లోతున తడిగానే ఉంటుందని తెలియని రైతు లేడు. అయినా చెక్క వేయకుండా జాకీ పెట్టేవాళ్లను ప్రతి ఏడూ చూస్తూనే ఉన్నాను. రెండు అంగుళాల మందం, మూరెడు వెడల్పు ఉన్న గట్టి చెక్క పరచాలి. ఇటుక ఉన్నట్టుండి పగులుతుంది కనుక పనికిరాదు.

చక్రం చక్కగా లేచి, నట్లు విప్పుతుండగా ట్రాక్టరు ముందుకు జరిగి జాకీ ఒరిగితే, డ్రైవరు తప్పకుండా “గేరులోనే పెట్టానండీ” అంటాడు. అతడు చెప్పేది నిజమే, మోసమంతా అందులోనే ఉన్నది. రెండు వెనుక చక్రాలూ నేల మీద ఉన్నంతసేపే గేరు బండిని పట్టి ఉంచుతుంది. ఒకటి గాలిలోకి లేచాక, నేల మీది చక్రం ముందుకు దొర్లితే లేచిన చక్రం వెనక్కి తిరిగి దానికి దారి ఇస్తుంది. మలుపుల్లో ఒక చక్రాన్ని వేగంగా, రెండోదాన్ని నెమ్మదిగా తిరగనిచ్చే డిఫరెన్షియల్ చేసే పని ఇదే, దానికి ఇంజను కదలవలసిన అవసరమే లేదు. కాలువ గట్టు మీద కంటికి ఆనని వాలు చాలు. కొత్తపేట వైపు ఒక గట్టు మీద నాకు ఇలాగే జరిగింది. ఇంకా రెండు నట్లు ఊడలేదు కాబట్టి బరువు మళ్లీ చక్రం మీదనే పడింది, లేకపోతే ఇరుసు నా మోకాలి మీద దిగేది. అందుచేత నేల మీద ఉండే వెనుక చక్రానికి ముందూ వెనుకా చెక్క దిమ్మలు సుత్తితో కొట్టి బిగించి, ముందు చక్రాలకూ అడ్డు పెట్టి, రెండు బ్రేకు పెడళ్లనూ గొళ్లెంతో కలిపి హ్యాండ్ బ్రేకు వేసిన తరువాతే జాకీ అందుకోవాలి. బ్రేకు లైనింగు అరిగిన బండిలో ఆ బ్రేకును కూడా నమ్మకూడదు. కొబ్బరి బొండం అడ్డు పెట్టిన మహానుభావులూ ఉన్నారు. గుండ్రనిది దొర్లుతుందని వారికి వేరే చెప్పవలసి వచ్చింది.

లేచేకొద్దీ బండి పక్కకు ఊగుతుంటే, ముందు ఇరుసు నడిమి పిన్ను మీద తిరుగుతున్నదని అర్థం. ఇరుసుకూ చట్రానికీ మధ్య రెండు వైపులా చెక్క చీలలు దిగ్గొట్టాలి.

జాకీ దానంతట అది దిగుతుంటే, లోపలి నూనెను ఆపే కింది మర బిగియలేదు, లేదా సీలు పోయింది. జాకీ మంచిదైనా సరే, ఇరుసు కింద దుంగలు పేర్చి బరువు వాటి మీదికి దించనిదే చక్రం లాగకూడదు. టైరులో నీళ్లు నింపి ఉంటే నీటి బరువే 100 కిలోలు దాటుతుంది కనుక చక్రం లాగేటప్పుడు రెండో మనిషి ఉండాలి.