సంక్రాంతి అరిసెలు మెత్తగా రావాలంటే
అరిసెలకి కొత్తబియ్యమే కావాలి, సంక్రాంతి పంట ఇంటికొచ్చే పండగ కదా అందుకే ఈ వంట దానికి అతుక్కుపోయింది, కానీ మన నెల్లూరు పక్క ఈశాన్య రుతుపవనాల వానలకి నాటే వరి చాలావరకు మార్చి, ఏప్రిల్‌లోనే కోతకొస్తది, కాబట్టి షాపులో అడిగి తెచ్చుకోండి. ఒక రోజంతా నానబెట్టి, మధ్యలో నీళ్లు మార్చి, వడకట్టి తడి ఆరకముందే పిండి పట్టి జల్లించేయండి.

అసలు తంటా పాకంతోనే. కేజీ బియ్యానికి 750 గ్రాముల బెల్లం, కొంచెం నీళ్లు పోసి కాస్తా, పళ్లెంలో నీళ్లల్లో చుక్కేస్తే మెత్తటి ఉండ అవ్వాల, టంగుమంటే ముదిరిపోయినట్టే, ఇంక పళ్లు జాగ్రత్త! దించి నెయ్యి, నువ్వులు, తర్వాత పిండి కొంచెం కొంచెంగా కలిపి, ఒత్తి, నూనెలో వేయించి, రెండు గరిటెల మధ్య నొక్కి నూనె పిండేయండి. వేడిమీద డబ్బాలో పెట్టొద్దు.