మొదటి సౌండ్ సిస్టమ్ కొనేటప్పుడు

నెల్లూరు చుట్టుపక్కల భజన బృందాలకు, చిన్న ఫంక్షన్లలో పాడే కుర్రాళ్లకు కీబోర్డు వాయిస్తుంటాను. సొంత సిస్టమ్ కొనుక్కోవాలనుకునే ప్రతివాళ్లూ ముందు అడిగేది ఒకటే: "ఎన్ని వాట్లు తీసుకోమంటావన్నా?" పెట్టె మీద పెద్దక్షరాలతో 2000 వాట్లని వేసినా అది క్షణకాలం వచ్చే పీక్ లెక్క. ఆర్‌ఎంఎస్, అంటే ఆగకుండా ఇవ్వగలిగే వాట్లు ఎంతో చూడండి. వాట్లు రెట్టింపైతే శబ్దం పెరిగేది 3 డెసిబెల్సే (డెసిబెల్ అంటే శబ్దాన్ని కొలిచే లెక్క), చెవికి కొంచెమే తేడా తెలుస్తుంది. అదే ఆరుబయట దూరం రెట్టింపైతే దాదాపు 6 డెసిబెల్స్ పడిపోతుంది. అందుకే వాట్ల కోసం అప్పు చేయొద్దు. పాటలో మాట చివరి వరుసదాకా స్పష్టంగా వినపడాలి, అంతే.

శ్రీరామనవమి పందిరికి, చిన్న హాలుకు 12 అంగుళాల యాక్టివ్ స్పీకర్లు ఒక జత చాలు. యాంప్లిఫైయర్ లోపలే ఉంటుంది, ఆటోలో పడతాయి, ఒకటి మొరాయించినా రెండోదానితో కార్యక్రమం నడిచిపోతుంది. 15 అంగుళాలవి డీజేలకు వదిలేయండి. ఉన్న డబ్బులో సగం ఈ జతకే పెట్టండి. స్టాండ్లు మాత్రం మానొద్దు. స్పీకరు నేల మీద ఉంటే శబ్దాన్ని ముందు వరుసవాళ్లే మింగేస్తారు. కూర్చున్నవాళ్ల తలలకు పైన ఉండాలి.

మిక్సర్ దగ్గరే చాలామంది పొరపాటు పడతారు. ఎనిమిది ఛానెళ్లని చెప్పి ఇస్తారు, ఇంటికెళ్లి చూస్తే మైకు పెట్టుకునే మూడు పిన్నుల రంధ్రాలు నాలుగే ఉంటాయి. మిగతావి కీబోర్డు లాంటివాటికి పనికొచ్చే లైన్ ఇన్‌పుట్లు. ఇద్దరు గాయకులు, హార్మోనియం, తబలాకు రెండు... అప్పుడే మైకులు ఐదయ్యాయి. మీ బృందాన్ని కాగితం మీద రాసుకుని, షాపులో ఆ రంధ్రాలను వేలు పెట్టి లెక్కపెట్టండి.

గాయకులకు డైనమిక్ మైకులు, అంటే మిక్సర్ నుంచి కరెంటు అక్కర్లేని రకం తీసుకోండి. ష్యూర్ కంపెనీ ఎస్ఎం58 అనే ఆ రకం మైకు 1966 నుంచీ అమ్ముడవుతోందంటే ఊరికే కాదు. నకిలీలు బాగా తిరుగుతున్నాయి కాబట్టి బిల్లు ఇచ్చే చోటే కొనండి. మొదటి సెట్లో కార్డ్‌లెస్ వద్దు, ఆ డబ్బు మంచి కేబుళ్లకు పెట్టండి. కేబుల్ కొనేముందు పిన్ను దగ్గర పట్టుకుని అటూ ఇటూ ఆడించండి. కరకర వస్తే పక్కన పెట్టేయండి.

కుయ్యిమనే కూత ఆపడానికి మిషన్లేమీ అక్కర్లేదు. స్పీకర్లను మైకులకు ముందు, జనం వైపు తిప్పి పెట్టండి. మైకు జాలీని గుప్పిట్లో పట్టుకోవద్దని గాయకులకు గట్టిగా చెప్పండి. జాలీ మూస్తే మైకు వెనక నుంచి వచ్చే శబ్దాన్నీ లాగేసుకుంటుంది, కూత మొదలవుతుంది.

మన పల్లెల్లో కరెంటు ఒడిదుడుకులు మామూలే. స్పీకరు వెనక లేబుల్ మీద 100-240 వోల్టులని ఉంటే కొంత నిశ్చింత. మిక్సర్‌కు, స్పీకర్లకు ఒకే బోర్డు నుంచి కరెంటు ఇవ్వండి, సీరియల్ లైట్లకు వేరే బోర్డు వాడండి. హమ్మింగ్ వస్తోందని ఎర్త్ పిన్ను మాత్రం ఎవరు చెప్పినా విరగ్గొట్టొద్దు. తడి పందిట్లో లోహపు మైకు పట్టుకుని పాడేది మన పిల్లలే.

షాపుకు మీ హార్మోనియం, మీ గాయకుణ్ణి తీసుకెళ్లండి. సినిమా పాట పెట్టి వినిపిస్తే వద్దనండి, మీ పాటే పాడించి షాపు బయట నిలబడి వినండి. మాట అర్థమైతే బేరం మొదలుపెట్టండి.