తేలికపాటి పని కోరే ముందు గర్భిణి ఉద్యోగులు తీసుకోవలసిన జాగ్రత్తలు

తిరుపతి గాంధీ రోడ్డు చీరల దుకాణంలో గానీ శ్రీసిటీ కర్మాగారంలో గానీ పనిచేసే గర్భిణి, పని మార్చమని అడిగే ముందు తేదీలు సరిచూసుకోవాలి. కాన్పు అంచనా తేదీకి ముందుండే ఆరు వారాల్లోనూ, వాటికి ముందరి నెలలోనూ, ఆమె కోరితే శ్రమతో కూడిన పని గానీ గంటల తరబడి నిలబడే పని గానీ చెప్పకూడదని 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం నిర్దేశించింది. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ రక్షణ ఉంది. ‘కోరితే’ అన్న మాటే ఇక్కడ కీలకం.

కాబట్టి నోటిమాటతో సరిపెట్టక, అర్జీ రెండు ప్రతులు రాసి, ఒకదానిపై అందినట్లు తేదీతో సంతకం తీసుకోవాలి.

డాక్టరు చీటీలో ‘విశ్రాంతి అవసరం’ అని మాత్రమే ఉంటే, సెలవు పెట్టుకోమంటారే తప్ప పని మార్చరు. స్టూలెక్కి పై అరలోని చీరల కట్టలు దించడం, గోదాము నుంచి మూటలు మోయడం వంటి చేయకూడని పనులను విడివిడిగా రాయించుకోవాలి. ధరల చీటీలు అంటించడం, బిల్లులు వేయడం వంటి కూర్చుని చేసే పనిని తామే సూచిస్తే యజమాని ఒప్పుకోవడం సులువు.

పని మారినా జీతం తగ్గదని ముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి. చాలామంది దీన్నే మరచిపోతారు. ప్రసూతి సెలవు కాలపు చెల్లింపును అంతకు ముందరి మూడు నెలల సగటు రోజు వేతనాన్ని బట్టి లెక్కిస్తారు గనుక, అప్పుడు తగ్గిన జీతం సెలవులోనూ నష్టం తెస్తుంది.

రక్తస్రావం, తీవ్రమైన తలనొప్పి, కళ్లు మసకబారడం వంటివి కనిపిస్తే మాత్రం అర్జీకి జవాబు కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.